కోరా గుడ్డ, నీలిమందు

ఇది రాయమని నాకెవరూ చెప్పలేదు. కాలు మానింది కదా, ఇక ఆ ముచ్చట వదిలెయ్యమంటారు ఇంట్లో వాళ్లు. కానీ ముంబై పక్కన మా భివండీలో షుగరు ఉన్నవాళ్లు గల్లీ గల్లీకీ ఉన్నారు. వాళ్లలో చాలామంది నాలాగే కార్ఖానాలో ఉత్త కాళ్లతో తిరుగుతారు. నాకు జరిగింది చదివి ఒక్కరైనా సాయంత్రం తమ అరికాలు తిప్పి చూసుకుంటే చాలు. ఇంకో కారణం నా సొంతం. ఇప్పటికీ పొద్దున లేవగానే దుప్పటి తీసి రెండు పాదాలూ ఉన్నాయా అని చూసుకుంటున్నాను. రాస్తే ఆ భయం కొంత దిగుతుందేమోనని ఆశ.

నా పేరు లక్ష్మి. మా మామగారు కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ మరమగ్గాల మీద పనికి కుదిరారు. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం. నేను పుట్టింది భివండీలోనే, చదివింది మున్సిపాలిటీ తెలుగు బడిలో. ఊళ్లోనే టెంఘర్ పేటలో మాకు సొంత సాంచాలు కొన్ని ఉన్నాయి. కింద కార్ఖానా, పైన మా గది, మధ్యలో నిటారుగా ఇనుప నిచ్చెనమెట్లు. మా ఆయన నర్సయ్య సాంచాలు నడుపుతాడు, నేను నూలును కండెలకు చుడతాను. మాకు ఒక్కతే కూతురు, అనిత. ఠాణాలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది.

మే

సాంచాల మధ్య నేల మీద తెగిన వైరు ముక్కలు పడి ఉండటం మామూలే. ఒకరోజు గచ్చు మీద ఎర్రటి అడుగులు కనబడితే ఎవరికో దెబ్బ తగిలింది చూడండని కేక వేశాను. పనివాళ్లంతా తమ తమ కాళ్లు చూసుకున్నారు. ఆ అడుగులు నావే. చిటికెన వేలి కింద, పాదం అంచున వైరు ముక్క దిగి ఉంది. నొప్పి లేదు. షుగరు నా పాదాల్లోని తెలివిని ఎప్పుడు ఎత్తుకుపోయిందో నాకే తెలియదు. నొప్పి లేదు కాబట్టి పెద్ద దెబ్బ కాదనుకుని నవ్వుకున్నాం కూడా.

మా గల్లీలోని డాక్టరు వైరు తీసి, మాత్రలిచ్చి, పసుపురంగు అయోడిన్ మందు రాసిచ్చాడు. రోజూ మందు వేసి శుభ్రమైన గుడ్డతో కట్టు కట్టమన్నాడు. ఆయన చెప్పింది సరైనదే. శుభ్రమైన గుడ్డ అన్న మాటకు మా ఇంట్లో ఒకటే అర్థం, అదే మమ్మల్ని ముంచింది.

సాంచా మీద నుంచి అప్పుడే దిగిన, ఇంకా నీళ్లు తగలని గుడ్డను కోరా గుడ్డ అంటాం. పూజకు పరిచేది అదే, పుట్టిన బిడ్డను చుట్టేది అదే, పోయినవాళ్ల మీద కప్పేది కూడా అదే. ఎవరూ కట్టనిది, ఎవరూ ఉతకనిది, దానికి మైల ఎక్కడిది? మా ఆయన రోజూ సాయంత్రం మడి కట్టుకున్నంత శ్రద్ధగా చేతులు కడుక్కుని, కోరా గుడ్డ తాను అంచు నుంచి కొత్త ముక్క కత్తిరించి, దాని మీద మందు పోసి నా కాలికి కట్టేవాడు. దవాఖానాలో కట్లకని అమ్మే పల్చటి జాలీ గుడ్డ, గాజు గుడ్డ అంటారు, అది ఎవరి చేతుల్లో తిరిగిందో తెలియదని దాన్ని ఇంట్లోకే రానివ్వలేదు.

మర్నాడు విప్పితే కట్టు నల్లగా ఉండేది. పసుపు మందు పోస్తే నల్లగా మారేది. అది చూసి ఆయనకు ఎంత సంతోషమో. "చూడు, విషం ఎట్ల గుంజుతుందో," అని ఆ గుడ్డను వెలుగులో పెట్టి నాకు చూపించేవాడు. ఎంత నల్లగా ఉంటే అంత మంచిదనుకున్నాం. కొన్నాళ్లకు పుండు మీద లేత పసుపు రంగులో, నున్నగా, మెరుస్తూ ఒక పొర కట్టింది. కొత్త చర్మం వస్తోందని ఆయన వేలు కూడా తగలనివ్వలేదు. అనిత ఒకసారి దూదితో తుడవబోతే చెయ్యి పట్టి ఆపాడు. నేనూ ఆయన వైపే మాట్లాడాను.

వానలు మొదలయ్యాక

ముందు వాసన వచ్చింది. నాకు కాదు, పక్కన కూర్చున్నవాళ్లకు. పలకరించడానికి వచ్చినవాళ్లు మాటల మధ్యలో లేచి కిటికీ దగ్గర నిలబడేవాళ్లు. తర్వాత జ్వరం. మాత్రలు మార్చారు, సూదులు వేశారు. జ్వరం దిగేది, మందు ఆపగానే మళ్లీ వచ్చేది.

ఇక కింద పాదం మోపవద్దన్నారు. దాంతో ఆ గది నాకు జైలు అయిపోయింది. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్క కార్ఖానా గోడ. కింద సాంచాలు ఆడుతుంటే మంచం కోళ్లు, నీళ్ల గ్లాసు, నా పళ్లు, అన్నీ కలిసి అదిరేవి. ఇన్నేళ్లూ ఆ చప్పుడులోనే బతికాను, ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు వినడం తప్ప పని లేదు. శుక్రవారం సాంచాలు బంద్. ఆ రోజు ఇంకా ఘోరం. ఊరంతా ఎక్కడికో వెళ్లిపోయి నన్నొక్కదాన్నే పైన మరిచిపోయినట్టు ఉండేది. ఆ మెట్ల మీద నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అందుకని దవాఖానాకు తప్ప దేనికీ దించమని అడగడం మానేశాను.

అనిత పట్టుబట్టి ముంబైలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ఆపరేషన్ డాక్టరు కాలు చూసి, ఎక్స్‌రే ఫోటోలు చూసి, పాదం ముందు సగం తీసెయ్యాల్సి రావచ్చని చెప్పాడు. ఆలస్యమైతే ఇంకా పైకి పోవచ్చన్నాడు. అయితే కోతకు ముందు పుండ్ల విభాగంలో ఒకసారి చూపించుకోమని పంపాడు.

అక్కడి వరండాలో కూర్చున్నవాళ్లంతా కాళ్ల పుండ్లవాళ్లే. నా పక్కన ఒక మరాఠీ ముసలమ్మకు ఎడమ కాలు మోకాలి కింద లేదు. నేను అటు చూడకూడదని గోడ చూస్తూ కూర్చున్నాను. ఆమె తన బట్టల సంచీని కర్రతో నా వైపు తోసి, కాలు దాని మీద పెట్టుకోమని సైగ చేసింది. లోపలి చీరలు పాడవుతాయంటే, ఉతుక్కుంటే పోతుందంది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ రోజు నాకు ఏడుపు వచ్చింది ఆపరేషన్ మాటకు కాదు, ఆ సంచీకి.

పుండ్ల విభాగంలో ఉన్నది కూడా మరాఠీ డాక్టరమ్మే. కట్టు విప్పి, ఆ నల్ల గుడ్డను వేళ్లతో నలిపి చూసి, ఇది ఏం గుడ్డ అని హిందీలో అడిగింది. మా ఆయన ముందుకు వచ్చి, మా సొంత సాంచా మీది కోరా గుడ్డ, చుక్క నీళ్లు కూడా తగల్లేదని చెప్పాడు. ఆ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కొత్తది ఉందా అని అడిగింది. ఎక్కడికి వెళ్లినా ఆయన సంచీలో ఒక ముక్క ఉండేది. తీసి ఇచ్చాడు.

ఆమె ఆ తెల్లటి గుడ్డను బల్ల మీద పరిచి అయోడిన్ చుక్క ఒకటి వేసింది. నా పుండుకు ఆమడ దూరంలో ఉన్న గుడ్డ అది. మేం చూస్తుండగానే చుక్క పడిన చోట నల్లగా అయిపోయింది.

"ఇందులో ఏముంది?" అని ఆమె అడిగింది.

మా ఆయన ఆ మచ్చను వేలితో రుద్ది చూశాడు. తర్వాత, ఆమెకు కాదు, నాకు తెలుగులో చెప్పాడు. "గంజి."

సాంచా మీద పోగు తెగకుండా నూలుకు గంజి పట్టిస్తారు. ఉడకబెట్టి ఉతికితే తప్ప ఆ గంజి పోదు. చిన్నప్పటి నుంచి ఆ నూలు మధ్యలోనే పెరిగినవాళ్లం, మాకు ఒకరు చెప్పాలా? అయినా తట్టలేదు. నల్లబడింది విషం కాదు, మా గంజే. రోజూ తడి గుడ్డతో నా పుండుకు గంజి పోసి క్రిములను మేపామన్నమాట. డాక్టరమ్మ మమ్మల్ని తిట్టలేదు. తప్పంతా గుడ్డదే కాదని, షుగరు, స్పర్శ లేని పాదం, ఆలస్యం అన్నీ కలిశాయని చెప్పింది. తిట్టి ఉంటేనే నయమనిపించింది.

ఆ మెరిసే పొర కొత్త చర్మం కాదట. క్రిములు గుంపుగా చేరి, తమ మీద తామే ఒక జిగురు పొర అల్లుకుని దాని చాటున బతుకుతాయట. మాత్రలు, సూదులు ఆ పొర దాటి లోపలికి సరిగా పోలేవట. అనిత తెలుగులో చెబుతుంటే నాకు ఇట్టే అర్థమైంది. మేం నూలుకు చేసేదే అవి తమకు చేసుకున్నాయి.

ఇప్పుడు చేసేదేమిటో కూడా ఆమె చెప్పింది. ముందు పొర గీకేస్తారు. తర్వాత ఒక నీలిమందు పుండులో వేస్తారు. ఆ మందు చీకట్లో ఉన్నంతసేపు ఊరికే ఉంటుంది, మిగిలిన పొరలోకి ఇంకుతుంది. దాని మీద ఎర్ర దీపం వెలుగు పడితే అప్పుడు పని మొదలుపెట్టి, తనను పట్టుకున్న క్రిములను అక్కడికక్కడే చంపుతుంది. ఇది ఇంకా కొత్త పద్ధతి, అందరికీ పనిచేస్తుందని చెప్పలేనంది. దసరా దాకా చూద్దాం, అప్పటికి పుండు మానే దారి పట్టకపోతే కోతే అంది. నా పాదానికి అంతవరకే గడువు.

తిరిగి వచ్చేటప్పుడు అంజూర్ ఫాటా దగ్గర లారీల మధ్య మా ఆటో ఇరుక్కుపోయింది. ముందు లారీ, వెనక లారీ, పైన వాన. నా కాలు ఆయన ఒళ్లో ఉంది. నాకు ఒళ్లంతా మండిపోతోంది. ఇన్నాళ్లూ నా కాలిని నీ చేతులతోనే కుళ్లబెట్టావు కదా అని అరవాలని ఉంది. తలెత్తి చూస్తే ఆయన ముఖంలో అదే మాట ముందే రాసి ఉంది. తిట్టడానికి కూడా వీల్లేకుండా చేశాడు మనిషి. లారీలు కదిలేదాకా ముగ్గురం వాననే చూస్తూ కూర్చున్నాం.

గణపతి రోజులు

నీలిమందు వేసే గదికి నల్ల పరదాలు. నర్సు తలుపు అద్దానికి కూడా నల్ల కాగితం అంటించింది. పుండు గీకుతుంటే నొప్పి లేదు, అదే నాకు భయం. మందు పోశాక పాదం మీద నల్ల గుడ్డ కప్పి చీకట్లో ఉంచారు. ఎర్ర దీపం వెలిగించే ముందు అందరికీ కళ్లద్దాలు పెట్టారు. కాలి పైభాగాన కాస్త వెచ్చగా తగిలింది, అంతే. ఏదో పెద్ద మంట, పెద్ద యుద్ధం ఉంటుందనుకుని పళ్లు బిగించి పడుకున్నదాన్ని, చివరికి నిద్రపోయాను.

బయటికి వస్తే కాలి వేళ్లన్నీ నీలం. ఇంటికి వచ్చాక చూడవచ్చిన వాళ్లు విషం ఎక్కిందనుకుని నోళ్లు నొక్కుకున్నారు. వినాయకుడికి రంగులు వేసే పనికి కుదిరానని చెప్పాను. పుండులో మాత్రం నీలం చాలావరకు పోయింది. ఆ దీపం కిందే రంగు వెలిసిపోతుందని నర్సు చెప్పింది. ఆ మాట మా ఆయనకు చెబితే, చాలా రోజుల తర్వాత పెదవి కదిపాడు.

"ఎండకు ఎలిసే రంగయితే సేటు తాను మొఖాన కొట్టి వాపస్ చేస్తడు. గీడ గదే మందా?"

నవ్వాడనుకున్నాను. నవ్వి, లేచి కిందికి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో ఆయన నా కాలి వైపు చూడటమే లేదు.

అసలు కష్టం అక్కడే మొదలైంది. దీపం పెట్టేది ఎప్పుడో ఒకసారి. మధ్యలో ఇంట్లో రోజూ పుండు కడిగి, మెల్లగా తుడిచి, కట్టు మార్చకపోతే ఆ పొర మళ్లీ అల్లుకుంటుంది. డాక్టరమ్మ ఈ మాట మరీ మరీ చెప్పింది. ఆ పని అనిత మీద పడింది. పొద్దున బండి అందుకునే తొందరలో చేసేది, ఒక్కోసారి సాయంత్రానికి వాయిదా వేసేది, సాయంత్రం ఆలస్యంగా వచ్చేది. రెండోసారి దీపానికి వెళ్లినప్పుడు పుండు అంచున మళ్లీ ఆ మెరుపు కనబడింది. డాక్టరమ్మ మళ్లీ గీకింది.

ఇంటికి వచ్చాక అనిత బ్యాగు కూడా దించకుండా, నీకేం ఇబ్బంది అని తన సగం మరాఠీలో తండ్రిని నిలదీసింది.

"నాకు రోజ్ లేట్ అయితుంది బాపూ. నువ్వు ఇంట్లనే ఉంటవు కదా. నువ్వు చేస్తే కాయ్ ప్రాబ్లమ్ ఆహె?"

ఆయన గోడకు ఆనుకుని కూర్చుని తన చేతులు చూసుకున్నాడు. "నా చెయ్యి పెట్టద్దు బిడ్డా. నా చేత్తోనే గింత దాక వచ్చింది."

కింద సాంచాలు ఆడుతున్నాయి. కాబట్టి గట్టిగానే చెప్పాల్సి వచ్చింది నాకు. ఆటోలో మింగిన కోపమంతా అప్పుడు బయటికి వచ్చింది, కానీ అది నేను అనుకున్న మాటలతో రాలేదు.

"అవు, నీ చేత్తోనే వచ్చింది. నీ చేత్తోనే పోవాలె. నేను ఈ గది ఇడిచి యాడికి పోను? మెట్లు దిగరాదు, కాలు మోపరాదు. నువ్వు గూడ మొఖం తిప్పుకుంటె నేను ఎవలను చూసుకుంట బతకాలె?"

అనిత వెళ్లి స్టవ్ వెలిగించింది. ఆయన అన్నం తినకుండా కిందికి వెళ్లాడు.

మర్నాడు పని ఆపి పైకి వచ్చాడు. దవాఖానా గాజు గుడ్డ పొట్లం ఒకటి, మేం మానేసిన పాత అయోడిన్ సీసా ఒకటి చేతిలో ఉన్నాయి. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాడు. పొట్లం విప్పి, గుడ్డ మూల నుంచి చిన్న ముక్క కత్తిరించి పళ్లెంలో పెట్టి, దాని మీద ఒక చుక్క అయోడిన్ వేశాడు. వంగి చూశాడు. రంగు మారలేదు.

"పసుపే ఉంది," అన్నాడు.

అప్పుడు నా కాలు ముట్టుకున్నాడు. గీకిన పుండు కదా, తుడవగానే రక్తం వచ్చింది. ఆయన ముఖం తెల్లబోయింది. రక్తం రావడం మంచిదే, అక్కడ ప్రాణం ఉందని అర్థం అని డాక్టరమ్మ చెప్పిందని నేనే ధైర్యం చెప్పాను. నలుపు చూసి మురిసిపోయిన మనుషులం, ఎరుపు చూసి సంతోషపడటం నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఆ తర్వాత రోజూ అదే తంతు. పొట్లం మారితే చాలు, చుక్క వేయాల్సిందే. దవాఖానా గుడ్డకు గంజి ఎవడు పెడతాడయ్యా అని ఎంత ఎగతాళి చేసినా వినలేదు. పసుపే ఉందని తన నోటితో అన్నాకే కట్టు కట్టేవాడు.

బతుకమ్మ, దసరా

బతుకమ్మకు మా వాడ ఆడవాళ్లంతా వరాలా తలావ్ చెరువుకు వెళ్లారు. అనిత అక్కడి నుంచి ఫోనులో చూపించింది. పూలు, చీరలు, నీళ్లు, అందరి నోళ్లూ ఆడుతున్నాయి, సాంచాల మోతలో పాట వినబడదు. నేను కాసేపు చూసి, చార్జింగ్ లేదని అబద్ధం చెప్పి ఫోను పక్కన పెట్టాను. గోడ వైపు తిరిగి ఏడ్చాను. దసరా దగ్గరపడుతున్న కొద్దీ నాకు ఆ కోత బల్లే కలలో కనబడేది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు, ఎత్తకపోవడం వల్ల గది ఇంకా ఇరుకైంది.

గడువు నాటికి ఆపరేషన్ డాక్టరు, డాక్టరమ్మ ఇద్దరూ కలిసి చూశారు. చిటికెన వేలి ఎముక పాడైందన్నారు. ఆ వేలు తీసెయ్యక తప్పలేదు. కానీ మిగతా పుండు అడుగున కొత్త కండ ఎర్రగా, గింజలు గింజలుగా వస్తోంది, పాదానికి కోత అవసరం లేదన్నారు. మా ఆయన ఆ మాట నమ్మక డాక్టరమ్మతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. దీపమే నన్ను బతికించిందని నేను అనను. గీకడం, షుగరు అదుపు, కొత్త మాత్రలు, కాలు మోపకుండా కూర్చోవడం, అన్నీ కలిశాయి. కానీ మాత్రలకు తలవంచని ఆ పొర నీలిమందు, దీపం వచ్చాకే వదలడం మొదలైంది. ఇది నా కళ్లతో చూసింది.

వేలు లేని చోటు ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది. సబ్బు రాస్తూ రాస్తూ చెయ్యి అక్కడ ఆగిపోతుంది.

దీపావళి దాటాక

పుండు పూర్తిగా మూసుకుంది. ఇక కట్టు అక్కర్లేదని, కానీ ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు లేకుండా అడుగు వెయ్యొద్దని, రోజూ ఎవరైనా అరికాలు చూడాలని డాక్టరమ్మ చెప్పింది. నాకు స్పర్శ తిరిగి రాదట. అంటే ఈ కాలికి జీవితాంతం ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ గది నుంచి బయటపడ్డాను గానీ, ఈ కాలి నుంచి నాకు సెలవు లేదు. చదివేవాళ్లకు నేను చెప్పేదీ ఇదే. నొప్పి లేదని మురిసిపోకండి. మీ పాదం మీకు అబద్ధం చెప్పగలదు, అందుకని కళ్లతో చూడండి, లేదా చూపించుకోండి. ఎంత పవిత్రమైన గుడ్డయినా సరే, పుండు మీద కోరా కట్టకండి.

దవాఖానా నుంచి వచ్చిన ఆ రోజు శుక్రవారం. సాంచాలు బంద్. మెట్లు నేనే ఎక్కాను, ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి. సాయంత్రం మా ఆయన అలవాటు ప్రకారం చేతులు కడుక్కుని వచ్చి మంచం దగ్గర కింద కూర్చున్నాడు. కూర్చున్నాక గానీ కట్టాల్సింది ఏమీ లేదని గుర్తు రాలేదు. తడి చేతులు గాల్లో పెట్టుకుని, వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు అట్లాగే ఉన్నాడు.

నేను కాలు తీసి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన ఫోను టార్చి వేసి, పాదాన్ని వెలుగులోకి తిప్పి, వేళ్ల సందులు, మడమ, వేలు పోయిన చోటు, అంతా ఓపిగ్గా చూశాడు. ఒకప్పుడు నల్ల గుడ్డను వెలుగులో పెట్టి చూసిన మనిషే.

"ఏం లేదు," అన్నాడు.

"సరిగ చూసినవా?"

ఇంకోసారి మొదటి నుంచీ చూశాడు.

"ఏం లేదే లచ్చీ," అన్నాడు. కాలు మాత్రం ఒళ్లోంచి దించలేదు.